మ్రోగెడు రాయి, పలికెడు బుర్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునకు వచ్చినవాడు గ్రంథములను గూర్చి మాటలాడుట వాడుక. నేను నేడు వాద్యములను గూర్చి, అందును చేతితో చెక్కి, తొలిచి, అతికి చేసిన వాద్యములను గూర్చి మాటలాడదలచితిని. రాతిని మ్రోగించినవారు కలరు. సొరకాయ బుర్రను పలికించినవారు కలరు. గాజు కడ్డీలను పాడించినవారు కలరు. అంతవరకు ఎవరును వినని నాదమును వినవలెనను కోరికతో వీరందరు శిల్పి పనియు, వడ్రంగి పనియు, గాయకుని పనియు కలిపి చేసిరి. ఇది గ్రంథాలయ సభకు తగిన విషయమా యని మీకు తోచవచ్చును. తగినదే యని నా మనవి. గ్రంథాలయము ఇంతవరకు దాచలేకపోయిన విద్య యేదో తెలిసికొన్ననాడే, దానిని దాచు మార్గము కూడ మనకు తోచును.

మన కడప సీమలోని తాళ్లపాకను తలచుకొనుడు. అన్నమాచార్యుడు (1408–1503) ఆ గ్రామమున పుట్టినవాడు. ఆయన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరచిరి. ఇరువదవ శతాబ్దిలో ఆ రేకులు వెలుగులోనికి వచ్చి అచ్చుపడినవి. ప్రతి కీర్తనకును రాగము పేరు చెక్కబడియున్నది. మాట నిలిచినది. కాని ఆ కీర్తనను ఆనాడు ఎట్లు పాడిరో తెలిపెడు స్వరము రేకుపై లేదు. అందుచేత అనంతపురము సీమకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మొదలగు విద్వాంసులు వానిలో పెక్కింటికి క్రొత్తగా స్వరములు కూర్పవలసివచ్చెను. వారు చేసిన మేలు గొప్పది. అయినను ఒక సత్యము మాత్రము మిగిలినది. రాగిరేకు మాటను కాపాడినది, నాదమును కాపాడలేకపోయినది.

మరి నాదము దేనియందు నిలుచును? అది రెండు చోట్ల నిలుచును. మ్రోగెడు వస్తువునందు ఒకటి, ఆ వస్తువును చేయగల చేతియందు మరియొకటి. ఈ రెండింటిలో ఏది పోయినను నష్టమే. మన పరిసరములనుండియే కొన్ని ఉదాహరణములు చెప్పెదను.

బళ్లారి జిల్లా ఒకప్పుడు మనతో కలిసి దత్తమండలములలో నుండినది. 1953 లో అది మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ బళ్లారికి చేరువలో సంగనకల్లు, కుప్గల్ అను గ్రామములకు నడుమ ఒక పెద్ద గుట్ట కలదు. దానిపై నల్లరాతి గట్టు ఒకటి నిలువునా సాగియుండును. ఆ బండలపై మూపురము గల పొడుగు కొమ్ముల ఎద్దుల బొమ్మలు విస్తారముగా చెక్కబడియున్నవి. 1892 లోనే ఫాసెట్ అను ఆంగ్లేయుడు ఈ బొమ్మలను గూర్చి వ్రాసెను. 2004 లో నికోల్ బోయివిన్ అను పరిశోధకురాలు మరల వ్రాయుచు అక్కడి మ్రోగెడు రాళ్లను ప్రపంచము దృష్టికి తెచ్చెను. ఆ బండలలో కొన్నింటిపై చిన్న చిన్న గుంటలు కలవు. ఆ గుంటలయందు మరియొక రాతితో కొట్టినచో కంచుగంట వలె గట్టి నాదము పుట్టును. ఆ గుంటలు దెబ్బలచేత ఏర్పడినవే.

సుమారు 4,000 ఏండ్ల క్రిందట, నవీన శిలాయుగమున, పశువులను మేపుకొని బ్రతికినవారు ఆ ప్రాంతమున నివసించిరి. గుట్టపై లెక్కలేనన్ని బండలుండగా ఏది మ్రోగునో, ఏది మ్రోగదో తెలియుటకు ఒక్కటే ఉపాయము. ప్రతిదానిని కొట్టి చూడవలెను, చెవి యొగ్గి వినవలెను, మ్రోగినదానిని గుర్తు పెట్టుకొనవలెను. ప్రయోగమన్నచో ఇదియే. నేడు నగరములలో ప్రయోగ సంగీతమని పేరు పెట్టి పిలుచుచున్నది మన గుట్టలమీద గొల్లవాని చేతికఱ్ఱకు ఏనాడో తెలిసియుండెనని చెప్పినచో అతిశయోక్తి కాదు. విచారకరమైన మాట యేమనగా, ఆ గుట్టరాతిని కంకరకై పగులగొట్టుచుండుటచేత ఆ బండలకు ముప్పు వచ్చినదని ఆ పరిశోధకురాలే వ్రాసెను. మ్రోగెడు బండ కంకరయైన పిమ్మట దానిని ఏ పుస్తకమును మరల మ్రోగింపలేదు.

ఇక హంపికి పోదము. విఠ్ఠలాలయ మహామండపమున 56 స్తంభములు కలవు. ఒక్కొక్క పెద్ద స్తంభము చుట్టును అదే రాతినుండి సన్నని కంబములను విడదీసి చెక్కిరి. వానిని వ్రేలితో మీటినచో తాళమువలెను, గంటవలెను, తంత్రివలెను పలుకునని ప్రసిద్ధి. ఆ కంబములు లోపల డొల్లయనియు, రాతిలో లోహము కలిపిరనియు కథలు పుట్టినవి. కల్పాక్కములోని ఇందిరాగాంధీ అణుపరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు వానిలో ప్రసిద్ధములైన 11 స్తంభములను పరీక్షించి, 2008 లో తమ ఫలితములను ప్రకటించిరి. కంబములు గట్టివే, డొల్ల కావు. రాతిలో వింత పదార్థమేదియు లేదు. మీటినపుడు కంబము సన్నగా వంగి లేచుటవలననే నాదము పుట్టుచున్నది. ఆ నాదపు స్థాయి కంబము పొడవు, లావులనుబట్టి శాస్త్రము చెప్పు లెక్కకు సరిపోవుచున్నది.

ఇది విని శిల్పి గొప్పతనము తగ్గినదని అనుకొనరాదు, మరింత పెరిగినది. మంత్రము లేదు, లోహము లేదు. సామాన్యమైన రాతిని ఏ లావున, ఏ పొడవున చెక్కినచో ఏమి పలుకునో ఉలి పట్టినవాని చెవికి తెలిసినది. కాని ఆ లెక్కను ఆ శిల్పులు వ్రాసిపెట్టిన గ్రంథమొకటి మన చేతికి రాలేదు. నేడు ఆ స్తంభములను మీటరాదని నిషేధము కలదు. అది న్యాయమే. వచ్చిన ప్రతివాడును కొట్టుచు పోయినచో రాయి యెంతకాలము నిలుచును? అందుచేత ఆ స్తంభములున్నవి, మనకు వాని పలుకు మాత్రము లేదు.

అదే విజయనగరమున మరియొక కథ నడిచినది. 1550 లో రామామాత్యుడు అళియ రామరాయల కోరికపై స్వరమేళకళానిధి యను సంస్కృత గ్రంథమును రచించెను. అందులో వీణకు మెట్లు ఎచ్చట అమర్పవలెనో వివరించెను. శుద్ధమేళవీణ, మధ్యమేళవీణ, అచ్యుతరాజేంద్రమేళవీణ యని మూడు విధములు చెప్పెను. మూడవది అచ్యుతదేవరాయల పేర వెలసినది. మెట్లను కదల్చకయే అన్ని రాగములను వాయించు వీణ యొకటి, రాగము మారినపుడెల్ల మెట్లను జరుపుకొను వీణ మరియొకటి యనియు భేదము చూపెను. అనగా ఆనాడు వీణ ఇంకను ప్రయోగదశలో నుండినది. ఎవరెవరో మెట్లు జరిపి చూచుచుండిరి, వినుచుండిరి, వాదించుకొనుచుండిరి. నేటి వీణకున్న 24 మెట్ల అమరిక తంజావూరు నేలిన తెలుగు రాజు రఘునాథ నాయకుని కాలమున స్థిరపడినదని చెప్పుదురు. బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణను చేయువారు నేటికిని ఆ మెట్లను మైనముపై నిలిపి, చెవితో విని, వెంట్రుకవాసి జరిపి సరిచేయుదురు.

ఇప్పుడు ఆ వీణ ప్రక్కన మరియొక వాద్యమునుంచి చూడుడు. అది కిన్నెర. వెదురు దండెకు క్రింద ఎండిన సొరకాయ బుర్రలు కట్టుదురు. దండెపై తేనెమైనముతో మెట్లు నిలుపుదురు. పూర్వము అలుగు అను అడవి జంతువు పొలుసులను మెట్లుగా అమర్చెడివారు. నేడు ఆ జంతువును చట్టము రక్షించుచున్నది కావున వేరు వస్తువులు వచ్చినవి. తంత్రులకు పూర్వము వెంట్రుకలను, నరములను వాడిరి. తరువాత లోహపు తీగలు వచ్చినవి. దండె కొనను నెమలిబొమ్మ కూర్చుండును. చూచుటకు అది శిల్పము, వినుటకు వాద్యము. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య యను భక్తుని కథ కలదు. కావున దీని పేరు ఏడు వందల ఏండ్లకు పైబడినది. దక్కలివారు తరతరములుగా దీనిని వాయించుచు కులపురాణములు చెప్పిరి. నాగర్ కర్నూలు ప్రాంతపు దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథ మొదలగునవి పాడి ప్రసిద్ధుడై, 2022 లో పద్మశ్రీ పురస్కారమునకు ఎంపికయ్యెను.

సోదరులారా, ఇక్కడ నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట వచ్చినది. రాజాస్థానపు వీణకును మెట్లు మైనముపైననే, దక్కలివాని కిన్నెరకును మెట్లు మైనముపైననే. అక్కడ సరిచేయునది చెవియే, ఇక్కడ సరిచేయునది చెవియే. ఇద్దరును చేసినది ఒక్కటే ప్రయోగము. వీణకు రామామాత్యుడు దొరకెను, కిన్నెరకు దొరకలేదు. వీణ మెట్ల లెక్క 1550 నుండి గ్రంథస్థమై యున్నది. కిన్నెర లెక్క దానిని చేయువాని వ్రేళ్లలో మాత్రమే యున్నది. ఆ వ్రేళ్లు నేర్పక నిలిచిపోయిననాడు కిన్నెర ప్రదర్శనశాలలో గాజుపెట్టెలోని బొమ్మ యగును. హంపి స్తంభమును తాకక కాపాడవలెను. కిన్నెరను తాకుచు, చేయుచు, విరిగినచో మరల కట్టుచు కాపాడవలెను. ఈ రెండు రక్షణలకును గల భేదమును మనము మరచుచున్నాము.

దూరదేశములలో ఈ విషయమున ఏమి జరిగినదో కొంచెము చెప్పుదును. అమెరికాలో హ్యారీ పార్చ్ (1901–1974) అను సంగీతకర్త యుండెను. పాశ్చాత్యులు స్థాయిని 12 భాగములు చేయగా ఆయనకు అది చాలలేదు. 43 భాగములు చేసెను. మన పూర్వులు 22 శ్రుతులు చెప్పిరి గదా, ఆయన చెవి అంతకంటెను సూక్ష్మమును కోరినది. ఆ స్వరములు పలుకు వాద్యము లోకమున లేకపోగా తానే వడ్రంగి యయ్యెను. ఒక అణుపరిశోధనశాలలో పారవేసిన పెద్ద గాజు బానలను కోసి, వ్రేలాడగట్టి, గంటలుగా వాయించెను. సొరబుర్రలకు గుడిగంటలను తగిలించి, చెట్టుకొమ్మకు కట్టి మరియొక వాద్యము చేసెను. మన కిన్నెర బుర్రకు అది దూరపు బంధువు. ఆయన 1949 లోనే తన స్వరముల లెక్కను, వాద్యముల నిర్మాణమును వివరించుచు ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన మరణించిన పిమ్మట జర్మనీలోని కొలోను నగరపు వాద్యబృందమొకటి ఆ వాద్యములన్నింటికి ప్రతిరూపములు చేయించి, 2013 లో ఆయన నాటకమును ప్రదర్శించెను. చేతితో చేసిన వాద్యము చేసినవానితో పోక మిగులుట ఇట్లు సాధ్యమైనది.

ఫ్రాన్సుదేశమున బాషే సోదరులని ఇద్దరుండిరి. బెర్నార్డు యంత్రనిర్మాణము తెలిసినవాడు, ఫ్రాన్స్వా శిల్పి. 1952 లో వారు గాజు కడ్డీలను తడివ్రేళ్లతో రుద్ది పలికించు వాద్యమును నిర్మించిరి. ఆ నాదమును పెద్దది చేయుటకు పూరేకులవలె వంచిన లోహపు రేకులను నిలిపిరి. 1970 లో జపానులోని ఒసాకా ప్రదర్శనమునకు ఫ్రాన్స్వా 17 శిల్పవాద్యములను చేసెను. ప్రదర్శనము ముగియగానే వానిని విప్పి మూలబెట్టిరి. కొన్ని దశాబ్దములు గడచిన పిమ్మట జపాను వారే వానిలో కొన్నింటిని వెదకి, అతికి, మరల మ్రోగించిరి. మన చేరువలో, పుదుచ్చేరి వద్దనున్న ఆరోవిల్లున, 2003 లో స్వరం అను సంస్థ వెలసినది. అక్కడ చుట్టుప్రక్కల పల్లెల యువకులకు వాద్యనిర్మాణము నేర్పి, క్రొత్త వాద్యములను చేయించుచున్నారు. పల్లెవాని చేయి ఈ పనికి పనికిరాదని ఎవరును అనజాలరు.

ఒక ఆక్షేపణ కలదు. రాయిని కొట్టినచో చప్పుడగును గాని సంగీతమెట్లగునని పెద్దలు కొందరడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. రాయిని ఊరక కొట్టినచో అది చప్పుడే. ఏ రాయి యేమి పలుకునో యెరిగి, కోరినపుడు కోరినదానిని పలికించి, ఒకదాని పిమ్మట నొకటి వచ్చునట్లు కూర్చినచో అది సంగీతము. డప్పును చూడుడు. చర్మమును మంటకు కాచి, ఎంత వేడికి ఎంత బిగియునో యెరిగినవాడు కొట్టినచో జాతర యంతయు కాలు కదుపును. ఎరుగనివాడు కొట్టినచో కుక్కలు మొరుగును. శాస్త్రీయ సంగీతమును విడువుడని నేను చెప్పుట లేదు. ఆ శాస్త్రము కూడ ఒకప్పుడు ఇట్టి ప్రయోగములనుండియే పుట్టినదని మాత్రము చెప్పుచున్నాను.

ఇక మన యూరి మాట. మనకు నీళ్లు తక్కువ కావచ్చును గాని రాళ్లు తక్కువ కావు. కడప రాయి, బేతంచెర్ల పలక దేశమంతటికిని పోవుచున్నవి. గనులవద్దను, కోత యంత్రములవద్దను ముక్కలు గుట్టలుగా పడియుండును. వానితో మన పిల్లలు రాతివాద్యము చేయవచ్చును. పద్ధతి చెప్పెదను, వ్రాసికొనుడు. ఒకే పలకనుండి, ఒకే మందముతో, మూడంగుళముల వెడల్పు గల నాలుగు బద్దలు కోయింపవలెను. మొదటిది 50 సెంటీమీటర్ల పొడవు. అది షడ్జమము. సుమారు 43 సెంటీమీటర్లది మధ్యమము. 41 సెంటీమీటర్లది పంచమము. 35 సెంటీమీటర్లది పై షడ్జమము. తీగ సగమైనచో పై షడ్జమము పలుకును గాని రాతిబద్ద సగమైనచో రెండు స్థాయిలు పైకి దూకును. అందుచేతనే పొడవు ఇంత కొంచెముగా తగ్గవలసియున్నది. ప్రతి బద్దను రెండు త్రాళ్లపై పరుండబెట్టవలెను. ఆ త్రాళ్లు రెండు కొనలనుండియు బద్ద పొడవులో నూటికి 22 పాళ్ల దూరమున ఉండవలెను. 50 సెంటీమీటర్ల బద్దకు 11 సెంటీమీటర్లు. బద్ద వణకునపుడు ఆ రెండు తావులు కదలవు, కావున అక్కడ ఆనించినచో నాదము చావదు. చెక్క కొడతితో నడుమ కొట్టవలెను. స్వరము తగ్గినచో కొనను కొంచెము అరగదీయవలెను, ఎక్కువైనచో నడుమ అడుగుభాగమును అరగదీయవలెను. లోపల చీలిక గల రాయి మొద్దుగా పలుకును. దానిని తీసివేసి వేరొకటి చూడవలెను. కుండను కొనునపుడు మన యాడవారు వ్రేలితో తట్టి చూచు విద్యయే ఇది.

ఈ వాద్యమొకటి గ్రంథాలయపు వరండాలో నుండినచో, లెక్కల పుస్తకమునకు భయపడు పిల్లవాడు కూడ పొడవునకును స్వరమునకును గల సంబంధమును చెవితో నేర్చుకొనును.

గ్రంథాలయ కార్యవర్గమునకు మూడు విన్నపములు చేసి ముగించెదను.

మొదటిది, ఒక పుస్తకము తెరువుడు. మన యూరను, చుట్టుప్రక్కల ఊళ్లను డప్పు, ఉరుము, తుంబుర, పిల్లనగ్రోవి, చెక్కభజన చెక్కలు చేయగలవారి వద్దకు పోయి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. ఏ చెట్టు కొయ్య, ఏ మాసమున నరికినది, ఎంతకాలము ఆరబెట్టినది, చర్మమును ఎట్లు పదును చేసినది, కొలతలెంత, ఇవన్నియు వ్రాయవలెను. వారి సమ్మతితో వారు చేయునపుడును, వాయించునపుడును ఫోనులో పట్టి దాచవలెను. కడపలో నివసించిన బ్రౌను దొర పండితులను పెట్టి తాళపత్రములను వెదకించి, శోధించి, ప్రతులు వ్రాయించెను. ఆయన ఆకులకు చేసిన పని మనము నాదమునకు చేయవలెను. ఆయనకు ధనము, ఉద్యోగము ఉండెను. మనకు ప్రతి జేబులోను ధ్వనిని పట్టు యంత్రమున్నది.

రెండవది, పుస్తకమునకు వెల యిచ్చి కొనుచున్నాము. అట్లే ఏటేట ఒక వాద్యమును వెల యిచ్చి చేయించి కొనుడు. చేసినవాని పేరు దానిపై వ్రాయుడు. అది బీరువాలో నుండరాదు. పుస్తకమువలె చందాదారుల చేతికి పోవలెను, చెడినచో చేసినవాని వద్దకే మరమ్మతునకు పోవలెను. అప్పుడే అతనికి పని, మనకు విద్య.

మూడవది, వాద్యము చేయువానిని సభకు పిలిచి శాలువ కప్పి పంపుట చాలదు. వేసవి సెలవులలో కొన్ని దినములు అతనిని గురువుగా కూర్చుండబెట్టి, దినమునకు కూలి కాక గురుదక్షిణ యిచ్చి, పదిమంది పిల్లలకు నేర్పింపుడు. వారిలో ఏ కులమువారైనను, బాలికలైనను ఉండవచ్చును. తండ్రినుండి కొడుకునకు మాత్రమే పోవు విద్య, ఆ కొడుకు కూలికై పట్టణమునకు పోయిననాడు అక్కడితో ఆగును. పదిమందికి వచ్చిన విద్య ఆగదు.

ఈ గ్రంథాలయము 25 ఏండ్లు మాటలను దాచి, పంచి, మనలను చదువరులను చేసినది. రాబోవు 25 ఏండ్లలో మనలను వినువారిగను, చేయువారిగను కూడ చేయుగాక.